నీళ్లు పోశారా అని అడిగాను

నాకు అమ్మవారు పోసి తగ్గి నాలుగు నెలలయింది. ముఖం మీద మచ్చలు ఇంకా పోలేదు. ఎడమ కనుబొమ్మ పక్కన ఒక గుంట పడింది, అది పోదని డాక్టరుగారు ముందే చెప్పేశారు. ఆమాత్రానికి అద్దం ముందు నిలబడి ఏడ్చే వయసు కాదు నాది, నలభై నాలుగు. నేనిది రాస్తున్నది మచ్చల కోసం కాదు. మా డయాలసిస్ గదిలోకి ఆ జబ్బును తలుపు తీసి రానిచ్చింది నేను. ఆ మాట చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఇప్పుడు రాస్తే ఏం ఒరుగుతుందని మా ఆయన అడిగారు. నాలాంటి సిస్టరు ఇంకొకతె ఎక్కడో ఉంటుంది, ఆవిడకైనా ఒరుగుతుందన్నాను.

మాది టెక్కలి. పలాస వైపు ఒక ఆస్పత్రిలో పన్నెండేళ్లుగా డయాలసిస్ సిస్టర్ని. ఆస్పత్రి పేరు రాయను. ఊరూరా కిడ్నీ జబ్బులున్న మా ఉద్దానం వాళ్లకు ఈ మిషన్ల గురించి చెప్పనక్కర్లేదు, మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. కిడ్నీలు పాడైన మనిషి వారానికి మూడు రోజులు వచ్చి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని, రక్తం శుభ్రం చేయించుకుని వెళ్లాలి. దాన్ని వంతు అంటాం. ఒక వంతు తప్పితే కాళ్లూ ముఖమూ ఉబ్బుతాయి. రెండు తప్పితే ఊపిరి అందదు. మూడోదాకా ఆగడం ఎవరికీ మంచిది కాదు.

మార్చి ఆఖరు

పోలమ్మది వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డు పల్లె. యాభై దాటిన మనిషి. మొగుడు సూరయ్య వేటకు వెళతాడు. జబ్బు చేయకముందు ఆవిడ చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. ఆ గొంతు అలాగే ఉండిపోయింది. మిషను కూత పెడితే “ఒలే, నోరు ముయ్యే, ఇక్కడ మడుసులు పడుకున్నారు” అని దాన్ని తిట్టేది. ఆవిడ ఉన్న పూట గదిలో ఎవరూ నిద్రపోలేరు, ఎవరూ ఏడవలేరు కూడా.

ఆ వారం ఆవిడ ఒక వంతుకు రాలేదు. ఫోన్ చేస్తే సూరయ్య “ఇంటికి తల్లి వచ్చినాదమ్మా, ముందు మా మనవడికి, ఇప్పుడు దీనికి” అన్నాడు. అమ్మవారు పోసిన ఇంటి నుంచి ఎవరూ బయటికి రారు. ఇంట్లో తాలింపు వేయరు, పరాయివాళ్లను గడప ఎక్కనివ్వరు. పొక్కులు ఎండి పక్కు కట్టాక, మంచి రోజు చూసి, వేపాకు వేసి కాచిన పసుపు నీళ్లు తల మీద పోస్తారు. ఆ నీళ్లు పడితే తల్లి వెళ్లిపోయినట్టే. అప్పుడే ఆ మనిషి గడప దాటడం. మందులు లేని కాలంలో పెద్దవాళ్లు పెట్టుకున్న పద్ధతి ఇది. అంటు ఊళ్లోకి పాకకుండా చూసిన పద్ధతే అని ఇప్పుడు నాకు అనిపిస్తుంది. కానీ అప్పటి మనుషులకు డయాలసిస్ వంతులు లేవు.

రెండో వంతు కూడా తప్పింది. మూడోదానికి సూరయ్య ఆవిడను ఆటోలోంచి భుజం మీద మోపి దింపాడు. ముఖం నిండా పసుపు, కొప్పులో వేప మండ. ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి తీస్తోంది.

“నీళ్లు పోశారా?” అని అడిగాను.

“పోసీసినాం సిస్టరమ్మా. అయిదో రోజు దాకా ఆగమన్నారు గానీ నాకు ఊపిరాడతన్లేదు. అందుకని మూడో రోజే పోసీసినాం. ఈపు మీద రెండో మూడో ఇంకా పచ్చిగున్నాయి. సూత్తావేటి?” అని పైట జరపబోయింది.

నేను చూడలేదు. నీళ్లు పోసిన మనిషిని మళ్లీ పరీక్షగా చూస్తే తల్లిని వెనక్కి పిలిచినట్టని మా అమ్మ అనేది. పన్నెండేళ్ల సర్వీసు, మూడేళ్ల నర్సింగు చదువు, అన్నీ ఆ గుమ్మం దగ్గర ఎక్కడికి పోయాయో తెలియదు. “నీళ్లు పోశారుగా, పద పద” అన్నాను. ఆవిడను వెనక్కి పంపాల్సిందని నా ఉద్దేశం కాదు. పంపితే ఆ రోజే పోయేది. వరండా చివర వేరే గది ఉంది, అందులో ఒక మిషను ఉంది. అక్కడ పడుకోబెట్టి ఉంటే సరిపోయేది. ఆ గదిలో ఏసీ పాడయింది, మిషను కడిగి సిద్ధం చేయడానికి ఒక గంట పడుతుంది, వెనక నలుగురు వరసలో ఉన్నారు. ఎనిమిది మంచాల పెద్ద గదిలోకే పంపేశాను. అక్కడ మా జూనియర్ సిస్టరు హేమ ఆవిడకు సూది పెట్టింది. నేను బయట రిజిస్టరు దగ్గర కూర్చున్నాను. పక్క మంచం మీద అప్పన్న మాస్టారు పేపరు చదువుకుంటున్నారు.

ఏప్రిల్ రెండో వారం

అప్పన్న మాస్టారు రిటైరైన బడిపంతులు. ఏడేళ్లుగా మా దగ్గరికి వస్తున్నారు. కొద్దిపాటి జీడితోట ఉంది. ఆ రోజు చెయ్యి చాపితే మణికట్టు మీద నాలుగు పొక్కులు కనిపించాయి.

“జీడి సొన పడిందమ్మా. పిక్కలు ఏరితే మామూలే కదా” అన్నారు.

పలాస చుట్టుపక్కల సొన పడి పొక్కిన చేతులు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు. నేనూ పోలేదు. కొబ్బరినూనె రాసుకోమన్నాను. తర్వాతి వంతుకు జ్వరంతో వచ్చారు. డాక్టరుగారు ఆయన చొక్కా పైకెత్తి వీపు చూశారు.

“సొన వీపు మీద ఎలా పడింది మాస్టారూ?” అన్నారు మెల్లిగా. చేతులు కడుక్కుని నన్ను వరండాలోకి పిలిచారు. ఇది అమ్మవారేనని, కిడ్నీ పేషెంట్ల ఒంట్లో తట్టుకునే బలం ఉండదు గనక ఊపిరితిత్తుల దాకా పోవచ్చని చెప్పారు. తర్వాత అడిగారు: “ముందు ఎవరికి వచ్చింది? వాళ్లను లోపలికి ఎవరు రానిచ్చారు?”

“పోలమ్మకండీ. పసుపు రాసుకుని వచ్చింది” అన్నాను. అక్కడ ఆగితే బాగుండేది. “ఇంకా పచ్చిగా ఉన్నాయని మాకు చెప్పలేదండీ” అన్నాను.

ఎలా వచ్చిందో ఆ మాట. ముందుగా అనుకున్నది కాదు. వేడి గిన్నె పట్టుకున్న చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చినట్టు వచ్చింది. ఉద్యోగం పోతుందని భయం, మాస్టారి ముఖం చూడలేనని భయం. ఆ మాట అనేశాక వెనక్కి తీసుకోవడం అనడం కంటే వెయ్యి రెట్లు కష్టమని సాయంత్రానికే తెలిసింది.

వారం తిరిగేసరికి అయిదుగురయ్యారు. కొన్నాళ్లు గది మూసేయమని పైనుంచి ఎవరో ఫోన్ చేశారు. డాక్టరుగారు “రెండు వారాలు మూస్తే మళ్లీ తెరవాల్సిన పని ఉండదండీ, వచ్చేవాళ్లు మిగలరు” అని పెట్టేశారు. ఇక మొదలైంది మా చాకిరి. మూడు షిఫ్టులు నాలుగయ్యాయి. పొక్కులున్నవాళ్లకు చిట్టచివరి షిఫ్టు, వాళ్లు వెళ్లాక మంచాలూ గోడలూ కడగడం. ఏసీ కట్టేసి కిటికీలు తెరిచాం. ఏప్రిల్ ఎండలో, రోజుకు గ్లాసు నీళ్లకు మించి తాగకూడని మనుషులు, ఆ గదిలో నాలుగేసి గంటలు పడుకున్నారు. హేమ ఒక్కొక్కరి నోట్లో చిన్న ఐసుముక్క పెట్టుకుంటూ తిరిగేది.

ప్రతి ఒక్కరినీ “చిన్నప్పుడు అమ్మవారు పోసిందా?” అని అడిగి రాసుకోవాలి. ఒకసారి వచ్చినవాళ్లకు సాధారణంగా మళ్లీ రాదు. అందరూ అమ్మలకీ మేనత్తలకీ ఫోన్లు చేశారు. డెబ్బై ఏళ్ల ముసలాయన ఒకాయన “మా యమ్మ పోయి ముప్పైయేళ్లు, ఇప్పుడు ఎవుల్ని అడగను సిస్టరమ్మా?” అంటే ఆ కష్టంలోనూ గదంతా నవ్వింది. ఇంటివాళ్లతో ఇంకో పేచీ. తల్లి ఒంటి మీద ఉండగా మందు మింగకూడదని, సూది అసలే గుచ్చకూడదని. డాక్టరుగారు వాదించలేదు. “మంచానికి వేపాకు కట్టుకోండి, మాత్ర మింగండి” అన్నారు. ఆయనే ఒక రోజు వేప కొమ్మ విరిచి పట్టుకొచ్చారు.

చిన్నప్పుడు నాకు అమ్మవారు రాలేదు. తమ్ముళ్లిద్దరికీ వచ్చినప్పుడు నన్ను కోటబొమ్మాళిలో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. డాక్టరుగారు చివరి షిఫ్టుకు రావద్దన్నారు. అది ఒకసారి వచ్చిన సిస్టర్లు ఇద్దరే ఉన్నారు, వాళ్ల కాళ్లు వాచిపోయాయి. నేను మాస్కు మీద మాస్కు కట్టుకుని వెళ్లాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. తప్పు చేసిన మనిషికి ఒళ్లు దాచుకోకుండా పని చేస్తే తేలికగా ఉంటుంది, అంతకంటే గొప్పేమీ లేదు.

నేనన్న మాట మాత్రం ఊరికే ఉండలేదు. నోటి నుంచి నోటికి పాకి ఆటో దాకా వెళ్లింది. సముద్రం వైపు పల్లెల నుంచి మా పేషెంట్లు అయిదుగురు ఒకే ఆటోలో వచ్చేవారు. పోలమ్మను ఎక్కనివ్వలేదు. ఆటో అతను నా దగ్గరికొచ్చి “నానేటి సేత్తానమ్మా, అది ఎక్కితే మిగతావోలు దిగిపోతామంతన్నారు” అన్నాడు. నిజానికి ఆ ఆటోలో భయపడనక్కర్లేని మనిషి ఆవిడ ఒక్కతే. వచ్చి తగ్గిపోయింది, ఇంక ఎవరికీ అంటించదు. ఆ సంగతి అతనికి చెప్పాను. “మరి దాసిపెట్టి వచ్చినాది గదమ్మా” అన్నాడు. దాచింది ఆవిడ కాదు, నేను అనాలి. “చూద్దాంలే” అన్నాను.

సూరయ్య ఎవరిదో బండి అడిగి వెనక కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు. ఆవిడ వస్తే వరండా బల్ల మీద ఉన్నవాళ్లు లేచిపోయేవారు. ఒక పేషెంటు కోడలు “నీ వల్లే గదే ఇందరు పడ్డారు, కళ్లు సల్లబడ్డాయేటి?” అని అందరి ముందూ అడిగింది. పోలమ్మ నా వైపు చూసింది. నేను తల వంచి ప్లాస్టరు కత్తిరించుకుంటూ ఉన్నాను. మిషను కూత పెట్టినా ఆవిడ తిట్టడం మానేసింది.

మాస్టారిని విశాఖపట్నం పంపారు. నాలుగో రోజు పోయారు. ఆయన భార్య నాకు ఫోన్ చేసి “ఏడేళ్లు బతికించారమ్మా మీరు, మీ రుణం తీర్చుకోలేం” అని ఏడ్చారు. ఆవిడ నన్ను తిట్టి ఉంటే ఆ పూట అన్నం తినగలిగేదాన్ని.

మే

నాకు నడుం నొప్పితో మొదలైంది. రెండు షిఫ్టులు చేసినందుకనుకున్నాను. స్నానం చేస్తుంటే పొట్ట మీద మొదటి పొక్కు కనిపించింది. బక్కెట్టు పక్కన అలాగే కూర్చుండిపోయాను. మా అత్తగారు తాలింపు మానేసి, గుమ్మానికి వేపాకు కట్టేశారు. ఇంటరు చదివే మా అమ్మాయిని కోటబొమ్మాళి పంపేశాం. మా ఆయన మండలాఫీసులో గుమాస్తా. సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు. మాత్రలు మింగితే తల్లికి కోపమని అత్తగారు, మింగకపోతే నాకు కోపమని ఆయన, ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. నేను పక్కగదిలో పడుకుని వినేదాన్ని. మూడో రోజు మెట్టు ఎక్కితే ఊపిరి అందలేదు. మా ఆస్పత్రిలోనే మేడ మీద గదిలో చేర్చారు.

జబ్బు గురించి వర్ణించను. నోట్లో, గొంతులో, కనురెప్పల లోపల పొక్కులు. దుప్పటి తగిలితే మంట, తీసేస్తే చలి. అన్నిటికంటే ఘోరం ఊపిరి. గాలి చుట్టూ ఉంటుంది, లోపలికి మాత్రం రాదు. పన్నెండేళ్లుగా పోలమ్మలాంటివాళ్లు గుమ్మం దగ్గర నిలబడి “ఊపిరాడతన్లేదు” అంటే “కూర్చో, వరసలో పిలుస్తాను” అని ఎన్నిసార్లు అన్నానో లెక్క లేదు. చచ్చిపోతానని నిజంగా భయపడ్డాను. దేవుడికి మొక్కుకుందామనుకుని మానేశాను. ఏ ముఖం పెట్టుకుని మొక్కను?

మా ఆయన గాజు తలుపు అవతల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్లం. ఒక రోజు ఆయనకు కోపం ఆగలేదు. “ఊరందరికీ చాకిరి చేశావు, ఏం మిగిలింది? ఎవరో చేపలమ్ముకునే మనిషి దాచిపెట్టి వచ్చి ఇంతమంది కొంప ముంచింది” అన్నారు. కట్టుకున్న మొగుడు. ఆయన దగ్గరైనా చెప్పొచ్చు. చెప్పలేదు.

హేమ షిఫ్టు అయ్యాక వచ్చి నా వీపుకు లోషను రాసేది. దానికి చిన్నప్పుడే వచ్చింది, భయం లేదు. ఒక సాయంత్రం రాస్తూ రాస్తూ “పోలమ్మ రెండు వంతులు రాలేదక్కా. బండి ఇచ్చే ఆయన ఊళ్లో లేడంట. ఆటోవాళ్లు ఎక్కించుకోవట్లేదు” అంది.

తలగడ పక్కనే ఫోన్ ఉంది. అందులో ఆటో అతని నంబరు ఉంది. ‘ఆవిడ దాచలేదు, నాకు చెప్పింది, నేనే రానిచ్చాను, ఎక్కించుకురా.’ అంతే మాట. గొంతు లేవడం లేదని నాకు నేనే చెప్పుకున్నాను. “డాక్టరుగారికి చెప్పు” అని హేమతో అని అటు తిరిగి పడుకున్నాను. ఆ రాత్రే మా అమ్మాయితో పది నిమిషాలు మాట్లాడాను.

హేమ చెప్పింది. డాక్టరుగారు మర్నాడు పొద్దున్నే ఆంబులెన్సు పంపారు. అది పల్లెలోకి వెళ్లేసరికి అయిపోయింది. నాకు వారం దాకా తెలియనివ్వలేదు. తెలిసిన రోజుకు జ్వరం పూర్తిగా తగ్గింది, ఇడ్లీ తిన్నాను.

మొత్తం పదకొండు మందికి వచ్చింది. పోలమ్మ కాక ముగ్గురు పోయారు. పోలమ్మను ఆ లెక్కలో వేయలేదు, ఆవిడ అమ్మవారితో పోలేదు కదా.

జూన్

నాకూ నీళ్లు పోశారు. అత్తగారు మంచి రోజు చూశారు, నేను ప్రతి పొక్కూ పక్కు కట్టిందో లేదో చూసుకున్నాను. పది రోజులు ఆగి, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి, ఆటో పట్టుకుని పోలమ్మ పల్లెకు వెళ్లాను. వేట నిషేధం ముగిసే రోజులు. సూరయ్య ఇంటి ముందు కొబ్బరాకు పందిరి కింద వల బాగుచేసుకుంటున్నాడు. నా ముఖం చూసి ముందు పోల్చుకోలేదు. తర్వాత లేచి పీట వేశాడు.

కూర్చోలేదు. దారి పొడుగునా కూడబలుక్కున్నదంతా మరిచిపోయాను. “పోలమ్మ ఆ రోజు నాకు చెప్పింది సూరయ్యా. పచ్చిగా ఉన్నాయని చెప్పింది. నేనే చూడకుండా పంపాను. తర్వాత చెప్పలేదని అబద్ధం ఆడాను” అన్నాను.

సూరయ్య వల మీంచి చెయ్యి తీయలేదు. “తెలుసునమ్మా. ఆ పొద్దు నాను పక్కనే ఉన్నాను గదా.”

నిజమే. ఆవిడను మోసుకుని నిలబడింది అతనే. ఇన్ని రోజుల్లో నాకు ఆ ఆలోచనే రాలేదు.

“మరి ఎవరితోనూ అనలేదేం?”

“ఆటోవోడితో సెప్పీత్తానన్నాను. అదే ఒద్దంది. సిస్టరమ్మ ఉజ్జోగం తీసీత్తే మరి సూది ఎవులు పెడతారు, మిగిలినోలు ఏటైపోతారు అంది. ఆ యమ్మే సెప్తాదిలే, మనసు పట్టక సెప్తాదిలే అంది.” వలలో ఒక ముడి బిగించాడు. “ఎదురు సూసినాది పాపం.”

అతను నన్ను తిట్టలేదు. మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. తాగాను. తాగకుండా రావడానికి నాకేం హక్కుంది?

మర్నాడు డాక్టరుగారి గదిలోకి వెళ్లి చెప్పాను. ఆయన చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. గది ఇన్‌చార్జి పని నా దగ్గర తీసేసి హేమకు ఇచ్చారు, వేరే మనిషి దొరకదు గనక పనిలో ఉంచారు. రాతలో పెట్టమంటే రాసిచ్చాను. తర్వాత పెద్ద గదిలోకి వెళ్లి, ఎనిమిది మంచాల మధ్య నిలబడి, ఆటోలో వచ్చే నలుగురూ ఉన్న పూట, పోలమ్మ దాచలేదని, దాచింది నేనని గట్టిగా చెప్పాను. ఆ రోజు వరండాలో పోలమ్మను కడిగేసిన కోడలు అత్తగారి మంచం పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఇది చదివే సిస్టర్లకు ఒక్కటే చెబుతాను. నీళ్లు పోశారా అని అడగకండి. మీ కళ్లతో చూడండి. పొరపాటు జరిగితే ఆ రోజే చెప్పండి. తెల్లారితే గొంతు లేవదు.

ఆ పూట సూదులు పెట్టాల్సింది నేనే. మొదటి మంచం దగ్గరికి వెళ్లాను. ఆటోలో పోలమ్మ పక్కన ఆరేళ్లు కూర్చుని వచ్చిన ముసలమ్మ ఆవిడ. నా ముఖం చూడలేదు. గోడ వైపు తిరిగి, చెయ్యి మాత్రం నా ముందుకు చాపింది. చాపక ఏం చేస్తుంది?